అందుకోని చిన్న ఇంజిన్లు: కార్బురేటర్ మార్చే ముందు చూడవలసినవి

ప్రశ్న: మా దగ్గర టూ స్ట్రోక్ బ్రష్‌కట్టర్ ఒకటి, ఫోర్ స్ట్రోక్ పవర్ వీడర్ ఒకటి ఉన్నాయి. బ్రష్‌కట్టర్‌ను నాలుగు నెలలు వాడకుండా పక్కన పెట్టి ఇప్పుడు బయటికి తీస్తే, ఎన్నిసార్లు తాడు లాగినా అందుకోవడం లేదు. కొత్త ప్లగ్ వేసినా ఫలితం లేదు. చూసిన మెకానిక్ కార్బురేటర్ మొత్తం మార్చాలంటున్నారు. వీడర్ ఉదయంపూట రెండు లాగులకే అందుకుంటుంది కానీ, గంటసేపు పనిచేశాక ఆపితే మళ్లీ అరగంట చల్లారితేగాని స్టార్ట్ కాదు. రెండింటికీ కార్బురేటరే కారణమా? మార్చేయమంటారా?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ రెండు యంత్రాలదీ ఒకే జబ్బు కాదు, కాబట్టి ఒకే మందు పనిచేయదు. బ్రష్‌కట్టర్ విషయంలో మొదట అనుమానించవలసింది ట్యాంకులో నాలుగు నెలలుగా నిలవ ఉన్న పెట్రోలును. ఆ తరువాతే పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌ను అనుమానించాలి, అదీ శుభ్రం చేయడానికో, లోపలి పలుచని పొరలైన డయాఫ్రమ్‌లు మార్చడానికో తప్ప మొత్తంగా తీసి పారేయడానికి కాదు. వీడర్ చల్లగా ఉన్నప్పుడు రెండు లాగులకే అందుకుంటున్నదంటే దాని కార్బురేటర్ చాలా మటుకు సరిగానే ఉన్నట్టు. దాని లోపం వేడితో ముడిపడి ఉన్నది కాబట్టి, దాన్ని వేడి మీదే వెతకాలి. అందుచేత ఇప్పుడే ఏ విడిభాగమూ కొనకండి. చేయవలసిన పరీక్షలలో ఎక్కువ భాగం ఒక ప్లగ్ పానా, ఒక స్క్రూడ్రైవర్, ఒక గాజు సీసా, కొద్దిగా తాజా పెట్రోలు ఉంటే ఇంటి దగ్గరే అయిపోతాయి.

పెట్రోలు ఇంజిన్ ఏదైనా అందుకోవాలంటే సరైన పాళ్లలో కలిసిన పెట్రోలు, గాలి లోపలికి చేరాలి. ఆ మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కగలగాలి, దీన్నే కంప్రెషన్ అంటారు. నొక్కిన సమయానికి ప్లగ్ దగ్గర బలమైన నిప్పురవ్వ పుట్టాలి. వీటిలో ఏది లోపించిందో తెలియకుండా ఒక్కో విడిభాగాన్ని మార్చుకుంటూ పోవడం వల్ల డబ్బు పోవడమే కాదు, అసలు లోపం మరింత మరుగున పడిపోతుంది. పాత ప్లగ్ తీసి కొత్తది వేసినప్పుడు మీరు చేసింది కూడా అదే. ఆ పాత ప్లగ్ ఇంకా మీ దగ్గర ఉంటే దయచేసి పారేయకండి, దాని కొనను వెలుతురులో చూడండి. లేత గోధుమరంగులో ఉంటే నిలవ పెట్టే నాటికి ఇంజిన్ ఆరోగ్యంగానే ఉందని అర్థం. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగానో గాలి తక్కువగానో అందుతూ వచ్చింది. తెల్లగా కాలిపోయినట్టు ఉంటే పెట్రోలు చాలక ఇంజిన్ విపరీతంగా వేడెక్కింది. ఈ మూడో స్థితి కనిపిస్తే, కింద కంప్రెషన్ గురించి రాసిన భాగాన్ని ముందుగా చదవండి.

ఇక పెట్రోలు సంగతి. దీనిని కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే నిలవ ఉంచిన యంత్రం స్టార్ట్ కాకపోవడానికి అన్నిటికన్నా సాధారణమైన కారణం ఇదే, అందరూ చివరగా అనుమానించేదీ దీనినే. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికగా ఆవిరయ్యేవి, ఆలస్యంగా ఆవిరయ్యేవి అనేక ద్రవాల కలయిక. చల్లటి ఇంజిన్‌లో మొదటి మంట పుట్టేది ఆ తేలిక భాగాలు ఆవిరి కావడం వల్లనే. ట్యాంకులో నిలవ ఉన్నప్పుడు ముందుగా ఎగిరిపోయేవీ అవే. మిగిలిన పెట్రోలు చూడటానికి పెట్రోలులాగే ఉంటుంది, అగ్గిపుల్లకు అంటుకుంటుంది కూడా, కానీ చల్లటి సిలిండర్‌లో ఆవిరి కావడానికి మొరాయిస్తుంది. చిన్న ఇంజిన్ల తయారీదారులు చాలామంది సుమారు 30 రోజులకు మించి నిలవ ఉన్న పెట్రోలును వాడవద్దని చెప్పడానికి కారణం ఇది. దీనికి తోడు, పెట్రోలులో కలిసే ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఒక హద్దు దాటితే ఎథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పెట్రోలును పీల్చే గొట్టం కొన కూడా ఆ అడుగునే ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు ఇది మరీ ప్రమాదం. మీరు కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది కాబట్టి, ఆ అడుగు నీటితో ఇంజిన్ ఎలాగో అందుకున్నా, ఆయిల్ లేకుండా తిరిగి పిస్టన్ గీరుకుపోతుంది.

కాబట్టి ఇంకొక్కసారి కూడా తాడు లాగకుండా ట్యాంకులోని పెట్రోలును పూర్తిగా గాజు సీసాలోకి వంచండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే, నీరు చేరి ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. రంగు ముదిరి, పెట్రోలు వాసనకు బదులు వార్నిష్ వంటి పులిసిన వాసన వస్తే అది పాడైపోయినట్టే. ఏ గుర్తూ కనిపించకపోయినా, నాలుగు నెలల పెట్రోలును ఈ పరీక్షల కోసం నమ్మకండి. కొత్త మిశ్రమం కలిపేటప్పుడు అదే పాత డబ్బాలో మిగిలినదాన్ని వాడవద్దు. ఆయిల్‌ను కంటి అంచనాతో కాక కొలిచి పోయండి. 50:1 (పెట్రోలు 50 పాళ్లకు ఆయిల్ ఒక పాలు) అని యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. ఇంజిన్‌కు మేలు చేస్తున్నామనుకుని ఆయిల్ ఎక్కువ పోసేవారు ఉన్నారు, కానీ అది ప్లగ్‌ను, సైలెన్సర్‌ను మసితో నింపి స్టార్టింగ్‌నే చెడగొడుతుంది.

తాజా మిశ్రమం పోశాక తాడు లాగే పద్ధతిని కూడా ఒకసారి సరిచూసుకోండి. చోక్ వేయడమంటే గాలి దారిని మూసి పెట్రోలు పాలు పెంచడం. బ్రష్‌కట్టర్ వంటి టూ స్ట్రోక్ యంత్రాలలో చోక్ పూర్తిగా వేసి నాలుగైదుసార్లు లాగితే ఇంజిన్ ఒక్కసారి దగ్గినట్టు శబ్దం చేసి ఆగిపోతుంది. ఆ దగ్గు వినిపించిన వెంటనే చోక్‌ను సగానికో పూర్తిగానో తెరిచి మళ్లీ లాగాలి. ఆ శబ్దాన్ని గమనించక, చోక్ తెరవకుండా లాగుతూ పోతే, ప్రతి లాగుకూ పచ్చి పెట్రోలు లోపలికి చేరి ప్లగ్ పూర్తిగా తడిసిపోతుంది. కార్బురేటర్ చెడిపోయిందని నా దగ్గరికి వచ్చిన యంత్రాలలో ఈ ఒక్క పొరపాటు వల్ల వచ్చినవి ఎన్నో ఉన్నాయి. ఎవరి తప్పూ లేదు, ఆ దగ్గు అంత చిన్నగా ఉంటుంది. తాడును కూడా మొదటి నుంచీ బలంగా గుంజకుండా, కంప్రెషన్ తగిలి చేతికి బరువనిపించేదాకా నెమ్మదిగా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున లాగండి. చిన్న ఇంజిన్లలో చాలావాటికి బ్యాటరీ ఉండదు, ఇంజిన్‌తోపాటు తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రంలోని అయస్కాంతం, కాయిల్ అనే తీగచుట్ట ముందు నుంచి వేగంగా వెళ్లినప్పుడే ప్లగ్‌కు కరెంటు పుడుతుంది, కాబట్టి లాగు నెమ్మదిస్తే రవ్వే పుట్టదు.

అప్పటికీ అందుకోకపోతే, ఆఖరి లాగు తరువాత ఆలస్యం చేయకుండా ప్లగ్ విప్పి కొనను చూడండి. మీరు ఎటు వెళ్లాలో ప్లగ్ తడి చెబుతుంది. కొన పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్‌దాకా చేరడం లేదు, దారి ట్యాంకు వైపు, కార్బురేటర్ వైపు. తడిగా ఉంటే పెట్రోలు చేరుతున్నది కానీ అంటుకోవడం లేదు. అప్పుడు ముందుగా కార్బురేటర్‌ను ముట్టుకోవలసిన పని లేదు, కాయిల్ వైపు, కంప్రెషన్ వైపు చూడాలి. మీ మెకానిక్ కార్బురేటర్ మార్చమనే ముందు ప్లగ్ తడిని చూశారో లేదో మీరు రాయలేదు. దాని మీదే ఆ సలహా విలువ ఆధారపడి ఉంటుంది.

ముందు తడి ప్లగ్ సంగతి చూద్దాం. ప్లగ్‌ను పక్కన పెట్టి, చోక్ పూర్తిగా తెరిచి, స్విచ్ ఆపి, యాక్సిలరేటర్ నొక్కిపట్టి పది పన్నెండుసార్లు తాడు లాగితే లోపల నిండిన పెట్రోలు ఆవిరిగా, తుంపరలుగా బయటికి పోతుంది. ఆ తుంపర ముఖం మీద పడకుండా, దగ్గరలో నిప్పు ఏదీ లేకుండా చూసుకోండి. ప్లగ్‌ను తుడిచి బాగా ఆరనిచ్చి తిరిగి బిగించి, ఈసారి చోక్ లేకుండా ప్రయత్నించండి. లోపం కేవలం పెట్రోలు నిండిపోవడమే అయితే ఇక్కడితో తీరిపోతుంది. తీరకపోతే రవ్వను పరీక్షించాలి. ప్లగ్‌ను దాని క్యాప్‌లో పెట్టి, లోహపు భాగాన్ని ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనించి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని, స్విచ్ ఆన్ చేసి మరొకరిని తాడు లాగమనండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా, చిందిన పెట్రోలంతా తుడిచి ఆరిన తరువాతే ఇది చేయాలి, రంధ్రం నుంచి వచ్చే ఆవిరి రవ్వ తగిలి అంటుకోగలదు. నీలి ఛాయతో చిటపటమనే రవ్వ కనిపించాలి. ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. బయటి గాలిలో రవ్వ దూకినంత మాత్రాన సిలిండర్‌లోనూ దూకుతుందని చెప్పలేము. పిస్టన్ నొక్కిన గాలిని దాటి దూకడానికి రవ్వకు ఎంతో ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే పలచగా, పసుప్పచ్చగా కనిపించే రవ్వను ఉన్నదని కాక లేదనే లెక్కవేయండి. దొరికితే స్పార్క్ టెస్టర్‌తో చూడటం ఇంకా నమ్మకం.

రవ్వ లేకపోతే వెంటనే కాయిల్ కొనకండి. ముందు కొత్త ప్లగ్‌ను మరొక మంచి ప్లగ్‌తో సరిపోల్చండి. కొత్తదైనా కింద పడి లోపలి పింగాణీ పగిలినది, మీ ఇంజిన్‌కు నప్పని రకం, సందు మూసుకుపోయినది కావచ్చు. బ్రష్‌కట్టర్లలో ఈ సందు సాధారణంగా 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ యంత్రం పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి. తరువాత కాయిల్ దగ్గర నుంచి ఇంజిన్ ఆపే స్విచ్‌కు వెళ్లే సన్నటి తీగను విడదీసి మళ్లీ చూడండి. బ్రష్‌కట్టర్‌లో ఈ తీగ పొడవాటి గొట్టం వెంట పిడిదాకా పోతుంది, ఎక్కడో ఒకచోట ఒరుసుకుని పైపొర పోయి గొట్టానికి తగిలితే స్విచ్ ఎప్పుడూ ఆపినట్టే ఉంటుంది. తీగ విడదీయగానే రవ్వ వస్తే కాయిల్ మంచిదే, తీగో స్విచ్చో బాగుచేస్తే చాలు. ఆ తీగ లేకుండా ఇంజిన్ అందుకుంటే స్విచ్‌తో ఆగదని గుర్తుంచుకోండి, చోక్ పూర్తిగా వేసి ఆపవలసి ఉంటుంది. అప్పటికీ రవ్వ లేకపోతే కాయిల్ కాళ్ల మీద, ఫ్లైవీల్ అయస్కాంతం మీద పట్టిన తుప్పును సన్నటి గరుకు కాగితంతో తుడిచి, రెండింటి మధ్య ఎడం చూడండి. చాలా ఇంజిన్లలో అది సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే మామూలు విజిటింగ్ కార్డు మందం. కార్డును మధ్యలో పెట్టి, అయస్కాంతం కాయిల్‌ను తనవైపు లాక్కోనిచ్చి బోల్టులు బిగించి, కార్డు లాగేస్తే ఎడం కుదురుతుంది. ఇన్ని చేశాక కూడా రవ్వ రాకపోతే అప్పుడు కాయిల్ మార్చడం న్యాయం.

ఇక పొడి ప్లగ్. మీ బ్రష్‌కట్టర్‌లో కనిపించేది ఇదేనని నా అనుమానం. కార్బురేటర్ నిజంగా దోషా అన్నది ఒక చిన్న పరీక్షతో తేలిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ నోట్లో ఆయిల్ కలిపిన తాజా పెట్రోలు అర చెంచాకు మించకుండా వేసి, ఫిల్టర్ తిరిగి పెట్టి, చోక్ తెరిచి లాగండి. ఇంజిన్ అందుకుని రెండు మూడు క్షణాలు తిరిగి ఆగిపోతే, రవ్వ, కంప్రెషన్ రెండూ బాగున్నట్టే, కార్బురేటర్ గుండానో గొట్టాల గుండానో పెట్రోలు రావడం లేదన్నదే మిగిలిన మాట. ఇందుకు ఈథర్ ఉన్న స్టార్టింగ్ స్ప్రేలు మాత్రం టూ స్ట్రోక్ ఇంజిన్‌లో వాడవద్దు. అందులో ఆయిల్ ఉండదు సరికదా, సిలిండర్ గోడ మీద ఉన్న ఆయిల్ పొరను కూడా కడిగేస్తుంది.

పెట్రోలు రావడం లేదని తేలినా, కార్బురేటర్ విప్పే ముందు దారిలోని మిగతావి చూడాలి. ట్యాంకులోని ఫిల్టర్‌ను వంచిన తీగ కొక్కెంతో బయటికి లాగండి. గట్టిపడి, నల్లబడి ఉంటే మార్చండి. దానికి తగిలించిన సన్నటి గొట్టాన్ని వేళ్ల మధ్య వంచి చూస్తే, పాతబడిన చోట సన్నటి పగుళ్లు తెరుచుకుంటాయి. ఆ పగులులో నుంచి పెట్రోలు కారకపోవచ్చు, కానీ గాలి మాత్రం పీలుస్తుంది. కార్బురేటర్ కింద ఉండే మెత్తటి ప్రైమర్ బుడగ కూడా చాలా సంగతులు చెబుతుంది. ఎన్నిసార్లు నొక్కినా పెట్రోలు కనబడక గాలి బుడగలే వస్తుంటే గొట్టమో బుడగో పగిలింది. నొక్కిన బుడగ తిరిగి ఉబ్బకుండా లోపలికే అతుక్కుని ఉంటే ఫిల్టరో గొట్టమో మూసుకుపోయింది. బుడగను ఎక్కువసార్లు నొక్కితే పెట్రోలు నిండిపోతుందేమోనని చాలామంది భయపడతారు. బ్రష్‌కట్టర్లలో సాధారణంగా ఉండే రకం బుడగ పెట్రోలును ఇంజిన్‌లోకి తోయదు, కార్బురేటర్ గుండా లాగి, మిగిలినదాన్ని రెండో గొట్టం ద్వారా ట్యాంకుకే పంపుతుంది. కాబట్టి గాలి బుడగలు పోయేదాకా నిశ్చింతగా నొక్కండి. పచ్చికోత యంత్రాలలో ఉండే కొన్ని ప్రైమర్లు మాత్రం నేరుగా లోపలికే చిమ్ముతాయి, వాటి విషయంలో పుస్తకంలో చెప్పిన సంఖ్య దాటకూడదు.

అప్పటికి మిగిలింది కార్బురేటర్ లోపలి భాగం. బ్రష్‌కట్టర్‌ను ఎటు వంచినా పనిచేయాలి కాబట్టి దానిలో ఫ్లోట్‌కు (పెట్రోలు మీద తేలుతూ మట్టాన్ని అదుపు చేసే భాగానికి) బదులు పలుచని డయాఫ్రమ్‌లు ఉంటాయి. ఇంజిన్ అడుగు గదిలో పిస్టన్ కదలిక వల్ల పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులు ఒక డయాఫ్రమ్‌ను ఊపి పెట్రోలును పైకి తెస్తాయి, రెండోది సూది కవాటాన్ని తెరిచి మూసి కొలత చూస్తుంది. పెట్రోలు ఆరిపోయినప్పుడు ఈ రెండో డయాఫ్రమ్ అట్టలా బిగుసుకుపోతుంది, సూది తన గుంతలో జిగురుతో అతుక్కుపోతుంది, లోపలి చిన్న జాలి మూసుకుపోతుంది. మూతల మరలు విప్పితే ఈ మూడూ కనబడతాయి. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఎందుకంటే గాస్కెట్ (అతుకుల మధ్య కారకుండా పెట్టే పలుచని అట్ట), డయాఫ్రమ్ వరస తారుమారైనా, ఒత్తిడి వచ్చే చిన్న రంధ్రం గాస్కెట్‌తో మూసుకుపోయినా శుభ్రం చేసిన కార్బురేటర్ కూడా చుక్క పెట్రోలు ఇవ్వదు. రంధ్రాలను కార్బురేటర్ క్లీనర్‌తో, గాలి ఒత్తిడితో కడగాలి తప్ప గుండుసూదులతో కెలకకూడదు. పెట్రోలును కొలిచి వదిలే జెట్ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పాళ్లు చెడిపోతాయి. కంటికి అద్దాలు తప్పనిసరి, ఒక రంధ్రంలో కొట్టిన క్లీనర్ మరో రంధ్రం నుంచి ముఖం మీదికే వస్తుంది.

మీ ప్రశ్నకు సూటి జవాబు ఇక్కడ ఇవ్వగలను. డయాఫ్రమ్‌లు, గాస్కెట్లు, సూది కలిసి కిట్‌గా దొరుకుతాయి, నాలుగు నెలల నిలవ వల్ల వచ్చిన లోపానికి సాధారణంగా అది చాలు. లోపలి లోహం మీద నీటి వల్ల తెల్లటి పొక్కులు లేచినా, మరల గాడులు అరిగినా, కడిగిన తరువాత కూడా సన్నటి దారులు తెరుచుకోకపోయినా కొత్త కార్బురేటర్ వేయించండి. కొన్ని చిన్న యంత్రాలకు కిట్‌కూ కొత్త కార్బురేటర్‌కూ ధరలో పెద్ద తేడా ఉండదన్నది నిజమే. అలాంటప్పుడు కూడా గొట్టాలు, ఫిల్టర్ మార్చకుండా, ట్యాంకు కడగకుండా కొత్తది బిగించవద్దు, పాతదానికి పట్టిన గతే కొద్ది వారాలలో దానికీ పడుతుంది.

అర చెంచా పెట్రోలు పరీక్షలో ఇంజిన్ కనీసం దగ్గకపోతే, రవ్వ బలంగా ఉంటే, కంప్రెషన్ చూడాలి. పనిముట్టు లేకుండా చూసే పద్ధతి ఒకటి ఉన్నది. ప్లగ్ బిగించి, స్విచ్ ఆపి, తాడు పిడిని పట్టుకుని యంత్రాన్ని కొద్దిగా వేలాడనివ్వండి. కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి దిగుతుంది, లేకపోతే తాడు జారి ఒక్కసారిగా దిగిపోతుంది. కంప్రెషన్ కొలిచే గేజ్ ఉంటే, టూ స్ట్రోక్ ఇంజిన్‌కు సుమారు 90 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) కన్నా తక్కువ వస్తే స్టార్టింగ్ మీద ఆశ పెట్టుకోవడం కష్టం. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రం గుండా టార్చితో పిస్టన్‌ను చూస్తే, ఎప్పుడైనా ఆయిల్ కలపని పెట్రోలుతో తిరిగి ఉంటే నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. విప్పిన సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే చిన్న జాలి ఉంటే అదీ చూడండి, మసితో పూడిపోతే పొగ బయటికి పోలేక ఇంజిన్ అందుకోదు. నిలవ ఉన్న సైలెన్సర్‌లో పురుగులు మట్టిగూళ్లు కట్టడం కూడా నేను చూశాను.

వీడర్ విషయానికి వస్తే, అది మొరాయించే ఆ అరగంటలోనే పరీక్షలు జరగాలి. చల్లారాక అన్నీ బాగానే ఉంటాయి, ఏదీ దొరకదు. మొదట, వేడిగా ఉన్న ఇంజిన్‌కు చోక్ వేయకండి, వేడి ఇంజిన్‌కు అదనపు పెట్రోలు అక్కరలేదు, వేస్తే నిండిపోయి, అది ఆరేదాకా ఆగవలసి వస్తుంది. మీరు చెప్పే అరగంట అదే కూడా కావచ్చు. రెండోది, అందుకోనప్పుడు ట్యాంకు మూతను నెమ్మదిగా వదులు చేయండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి, ఆ తరువాత ఇంజిన్ అందుకుంటే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయినట్టు. పెట్రోలు తగ్గిన మేరకు గాలి లోపలికి రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగడం ఆగిపోతుంది, కొంతసేపు వదిలేస్తే సందుల గుండా గాలి చేరి మళ్లీ బాగుపడినట్టు కనిపిస్తుంది. సరిగ్గా ఇటువంటి వీడర్‌కే నేను ఒకసారి కాయిల్ మార్చించాను, దోషం మూతదని తరువాత తెలిసి చాలా బాధపడ్డాను. వేడి పెట్రోలు ఆవిరి పీల్చకుండా, మూతను జాగ్రత్తగా, సిగరెట్లకూ మంటకూ దూరంగా తిప్పండి.

మూత కారణం కాకపోతే ఆ వేడి మీదే రవ్వను చూడండి. వెంట్రుకవంటి తీగతో వేల చుట్లు చుట్టిన కాయిల్ లోపల ఎక్కడో పొర బలహీనపడితే, వేడికి రవ్వ పోయి చల్లారాక తిరిగి వస్తుంది. ఆయిల్ మట్టం తగ్గితే ఇంజిన్‌ను ఆపే ఏర్పాటు ఉన్న ఇంజిన్లలో, వాలు నేల మీద నిలిపినా రవ్వ రాకుండా పోతుంది, కాబట్టి చదును నేల మీద ఆయిల్ మట్టం చూసి ఆ తరువాతే కాయిల్‌ను తప్పుపట్టండి. రవ్వ బాగుండి ప్లగ్ కూడా సరిగా తడుస్తుంటే, నా దృష్టి వాల్వుల మీదికి పోతుంది. ఎక్కువ గంటలు తిరిగిన ఇంజిన్‌లో వాల్వులు తమ పీటల్లోకి కొద్దికొద్దిగా దిగి, వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండవలసిన సందు తగ్గిపోతుంది. వేడికి కాడ ఇంకొంచెం సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంది, చల్లారితే మళ్లీ మూసుకుంటుంది. ఉదాహరణకు హోండా జీఎక్స్160 ఇంజిన్‌కు లోపలికి తీసుకునే వాల్వు దగ్గర 0.15, పొగ వదిలే వాల్వు దగ్గర 0.20 మిల్లీమీటర్లు సందు ఉండాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ దశలో పిస్టన్ పైకొనకు చేరి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) కొలవాలి. మీ వీడర్‌కు వేరే ఇంజిన్ ఉంటే దాని అంకెలే పాటించండి. అన్నిటికన్నా ముందు, తాడు చుట్టిన పైకవరు విప్పి సిలిండర్ రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డి, మట్టి తీసేయండి. చల్లదనాన్నిచ్చే గాలికి దారి లేకపోతే పైన చెప్పిన లోపాలన్నీ ముందుగానే బయటపడతాయి.

వీడర్ పళ్లు ఎప్పుడైనా రాయికి గట్టిగా తగిలి ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయి ఉంటే అది కూడా చెప్పండి. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచే చిన్న తాళపు ముక్క కోసుకుపోతే రవ్వ ఉన్నా సమయం తప్పుతుంది, తాడు చేతిని వెనక్కి గుంజుతుంది. అయితే ఆ లోపం ఉదయంపూట కూడా కనిపించాలి కాబట్టి మీ వీడర్‌లో అది ఉంటుందని అనుకోను. రెండు యంత్రాలలో దేనిలోనైనా పళ్లనూ బ్లేడునూ ముట్టుకునే ముందు ప్లగ్ క్యాప్ ఊడదీసి దూరంగా ఉంచండి. ఇంజిన్ అందుకున్నాక షెడ్డు లోపల తిప్పి చూడకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

బాగుపడిన బ్రష్‌కట్టర్‌ను మళ్లీ నెలకు మించి పక్కన పెట్టవలసి వస్తే, ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్‌ను దానంతట అది ఆగిపోయేదాకా తిప్పి, ప్రైమర్ బుడగను నొక్కి మిగిలిన పెట్రోలును కూడా తీసేయండి. వీడర్‌కైతే పెట్రోలు కుళాయి మూసి, కార్బురేటర్ గిన్నెలోది అయిపోయేదాకా తిప్పితే చాలు, ట్యాంకు కూడా ఖాళీగా ఉంటే మరీ మంచిది.

ఇంతటితోనూ లోపం దొరకకపోతే మళ్లీ రాయండి. బ్రష్‌కట్టర్‌లో తాజా పెట్రోలు పోశాక ప్లగ్ తడిగా ఉన్నదా పొడిగా ఉన్నదా, అర చెంచా పెట్రోలుకు ఇంజిన్ దగ్గిందా లేదా, వీడర్‌లో వేడి మీద మూత వదులు చేస్తే ఏమైంది, అదే వేడి మీద రవ్వ ఎలా ఉంది అన్న నాలుగు సంగతులు ఆ ఉత్తరంలో తప్పక ఉండాలి. ఒక్కో పరీక్ష తరువాత ఒక్కటే మార్పు చేసి, ఫలితం రాసుకుంటూ రండి.